సోముడి మోకాలిచిప్ప

ఆ రోజుల్లో నాకు ఏ సందేహం వచ్చినా అడగడానికి ఇద్దరుండేవారు. ఇంట్లో మా అవ్వ, బళ్లో మా సైన్సు సారు. అవ్వ దగ్గర ప్రతిదానికీ జవాబుండేది. సారు దగ్గర దేనికీ ఉండేది కాదు. ఏది అడిగినా "సూద్దాం" అనేవారు. అందుకే ఆయనకు సూద్దాం సారు అని పేరు పడింది. అని ఊరుకునే మనిషైతే ఫరవాలేదు, నిజంగానే చూసేవారు. చెరుకు మొదట్లో తీపిగా ఉండి కొసకు ఎందుకు చప్పబడుతుందని ఒకసారి అడిగితే, గడను కణుపు కణుపుకీ కోసి క్లాసులో అందరికీ తినిపించి, ఏ కణుపు ఎంత తీపో మాతో బోర్డు మీద రాయించారు. మర్నాడు ఇంకో సందేహం, ఇంకో గడ. మేం చెరుకు తినడానికే అడుగుతున్నామని ఆయనకు అర్థం కావడానికి వారం పట్టింది. (ముందే అర్థమై ఉంటుందని ఇప్పుడు అనుకుంటున్నాను.)

పోయిన నెల ఆయన చనిపోయారు. సంతాప సభలో చాలామంది చాలా పెద్ద మాటలు మాట్లాడారు. నన్నూ మాట్లాడమంటే రెండు ముక్కలు చెప్పి కూర్చున్నాను. నేను చెప్పాలనుకున్నది ఒక ఎద్దు మోకాలిచిప్ప గురించి. దండ వేసిన ఫోటో పక్కన నిలబడి చెప్పే సంగతి కాదనిపించింది. ఇక్కడ చెబుతాను.

నేను తొమ్మిదో తరగతిలో ఉన్నప్పుడు మా బళ్లో అస్థిపంజరం లేదు. ఎముకల పాఠం గోడకున్న పటం చూపించి చెప్పడం సారుకు నచ్చలేదు. బోధన్ చుట్టుపక్కల కాలువ కింద ఆంధ్ర నుంచి వచ్చిన రైతుల క్యాంపులు ఉన్నాయి కదా, మా ఊరికి దగ్గరున్న క్యాంపు పెద్దాయనకు సోముడనే ఎద్దు ఉండేది. రెండేళ్ల కింద చక్కెర ఫ్యాక్టరీ ముందు చెరుకు బండ్ల వరుసలో నిలబడి ఉండగా పాము కరిచి చచ్చిపోయింది. ఆయన దాన్ని పసుపు కుంకుమలతో తన చేను గట్టునే పూడ్చిపెట్టాడు. సారు వెళ్లి ఆ ఎముకలు పిల్లలకు కావాలని, నిజామాబాదులో జిల్లా సైన్సు ప్రదర్శనలో కూర్చి నిలబెడతామని అడిగారు. పెద్దాయన మూడు రోజులు ఒప్పుకోలేదు. నాలుగో రోజు ఒప్పుకుని ఒక్క షరతు పెట్టాడు.

"ఒక్క ఎముక తగ్గినా ఊరుకోనండి మాస్టారూ. వాడు బతికున్నన్నాళ్లూ ఒక్కరోజైనా కుంటలేదు. నిజామాబాదులో నలుగురి ముందు కుంటివాణ్ని చేసి నిలబెడితే నాకు కష్టంగా ఉంటది."

ఆ ప్రదర్శనకు అప్పటికి నెల ఉంది. తవ్వి తీసిన ప్రతి ఎముక మీదా సారు నల్ల సిరాతో ఒక అంకె వేశారు. తలా కొన్ని పంచి, బట్టల సోడా నీళ్లలో ఉడికించి తోమి ఎండబెట్టి తెమ్మన్నారు. క్యాంపు పెద్దాయన భార్య ఊరికే పంపలేక, ప్రతి ఒక్కరికీ పసుపులో ముంచిన గుడ్డ ముక్క ఇచ్చింది, చుట్టుకుపొమ్మని. క్లాసులో నేనే పొట్టిదాన్ని కాబట్టి నా వాటాకు ఒకే ఒక్క ఎముక వచ్చింది. కుడి వెనక కాలి మోకాలిచిప్ప. నంబరు పద్నాలుగు.

ఎద్దు ఎముక ఇంట్లో పెడితే అవ్వ నన్ను ఇంట్లో పెట్టదు. అందుకని ఆమె జొన్నచేనుకు పోయినప్పుడు ఉడికించి, పసుపు గుడ్డలో చుట్టి, ఇంటి చూరులో దోపాను. ఇంత తెలివిగల చోటు ఇంకొకటి లేదనుకున్నాను. మా వైపు ఎవరైనా ఎవరికైనా బాణామతి చేస్తే, అంటే చేతబడి చేస్తే, ఆ వస్తువును సరిగ్గా చూరులోనే దాస్తారని, అది కూడా పసుపు గుడ్డలోనే చుడతారని ఊళ్లో అందరికీ తెలుసు. నాకూ తెలుసు. ఆ క్షణంలో గుర్తుకు రాలేదు, అంతే.

మూడో రోజు పొద్దున అవ్వ బూజు దులుపుతుంటే అది ఆమె కాళ్ల ముందు పడింది. నేను లోపల సైన్సు పుస్తకం ముందర పెట్టుకుని కూర్చున్నాను. బయట ఎవరూ అరవలేదు. అవ్వ మెల్లగా "బిడ్డా, బయటికి రాకు" అంది. కాసేపట్లో వాడ ఆడవాళ్లందరూ జమయ్యారు.

"బొక్కనే," అంది ఒకామె. మా వైపు ఎముకను బొక్క అంటారు.

"మీద ఏదో రాసుంది సూడు."

ఐదు చదివిన ఒకామె వంగి చూసి "పద్నాలుగు" అని చదివింది.

"పద్నాలుగు దినాలల్ల ఏదో అయితదన్నట్టు."

"ఎవరికైతది?"

"ఇంట్ల పెద్దామెకే అయితది, ఇంకెవలికి."

అవ్వ ఆ మాటకు భయపడలేదు, కొంచెం గౌరవంగా తీసుకుంది. ఎవరు చేశారో కూడా ఆమెకు వెంటనే తెలిసిపోయింది. ఎదురుగా పిండి గిర్ని నడిపే ఆమె, మేం గిర్ని అక్క అనేవాళ్లం. వారం కింద ఎవరిదో మిరపకారం పట్టి, గిర్ని తుడవకుండానే మా జొన్నలు పోసింది. ఆ రాత్రి రొట్టెలు తిన్నవాళ్లం తెల్లారేదాకా నీళ్లు తాగాం. అప్పుడు అవ్వ చాలా అన్నది, ఆమె కూడా చాలా అన్నది.

"మొన్న కారం పెట్టింది, ఇయ్యాల బొక్క పెట్టింది" అంది అవ్వ.

అప్పుడు నేను లేచి "అది నాదే" అంటే సరిపోయేది. రెండు మాటలు. గుమ్మం దాకా వచ్చాను కూడా. అంతమంది ఆడవాళ్లు ఒక్కసారి నా వైపు తిరిగి "ఏందే" అన్నారు. "నీళ్లు తాగుతా" అన్నాను. (తాగాను కూడా, రెండు గ్లాసులు.)

అవ్వ వేపకొమ్మలతో దాన్ని పట్టుకుని కాలువకు నడిచింది. వెనకాల నేను. తూము పైన నిలబడి భుజం మీదుగా వెనక్కి విసిరేసి, "ఎన్కకు సూడొద్దు, సూస్తే మళ్ల ఇంటికొస్తది" అని చెప్పి నా రెక్క పట్టుకుని లాక్కొచ్చింది. నేను చూశాను. మళ్లీ ఇంటికి వస్తే ఆ రోజు నా అంత సంతోషించేవాళ్లు లేరు. నీళ్లమీద ఒక సుడి కనబడింది, అదీ పోయింది.

రెండు రోజులు సారు అడిగితే "ఇంకా ఎండలేదు సార్" అన్నాను. ఆ రెండు రోజులూ గిర్ని చప్పుడు వినబడలేదు. వాడవాళ్లు జొన్నలు నెత్తిన పెట్టుకుని, ఆమె ముందునుంచే, దూరంగా ఉన్న ఇంకో గిర్నికి పోయారు. గిర్ని అక్క గడప మీద కూర్చుని పోయేవాళ్లను చూసేది. ఆమెకు ఎవరూ కారణం చెప్పలేదు. మూడో రోజు బడి వదిలాక సారుకు అంతా చెప్పాను. ఎముక పోయినందుకు తిడతారని ఎదురు చూశాను.

"బొక్క సంగతి తర్వాత," అన్నారు. "గిర్ని నడుస్తుందా?"

"లేదు సార్."

"నడువు మరి."

మా ఇంట్లో మంచం మీద కూర్చుని, చాయ్ తాగి, సారు అవ్వను అడగడం మొదలుపెట్టారు. వెక్కిరింత కాదు. చెరుకు కణుపుల గురించి మమ్మల్ని అడిగినట్టే అడిగారు. బాణామతని ఎట్లా గుర్తుపట్టింది, ఏమేమి సూచనలుంటాయి. అంత శ్రద్ధగా ఆమెను అంతవరకు ఎవరూ అడగలేదేమో, అవ్వ వేళ్లు మడిచి చెప్పింది. గుడ్డ, బొక్క, అంకె.

"గుడ్డ క్యాంపు అమ్మ ఇచ్చింది, అవ్వా," అన్నారు సారు. "బొక్క వాళ్ల ఎద్దుది. అంకె నేనే వేసిన. మూడు దొరికినయ్. చూరుల పెట్టిందెవలో అదొక్కటి దొరకాలె."

నా వైపు చూడలేదు. చాయ్ గ్లాసులోకి చూస్తూ కూర్చున్నారు. ఆ గ్లాసు ఖాళీ అయి చాలాసేపయింది.

"నేనే అవ్వా," అన్నాను.

అవ్వ మడిచిన వేళ్లు ఒక్కొక్కటే విప్పింది. తర్వాత సారునే అడిగింది. "పద్నాలుగు అంటే ఏంది మరి?"

"కుడి ఎన్కకాలు మోకాలిచిప్ప."

"గంతేనా," అంది అవ్వ, ఏదో పోగొట్టుకున్నట్టు. అప్పుడు నా వైపు తిరిగింది. "అన్ని పుస్తకాలు సదువుతవ్, గప్పుడు నోరు ఏడ వెట్టుకున్నవే?"

మర్నాడు పొద్దున్నే అవ్వ గంపెడు జొన్నలు ఎత్తుకుని వాడంతా చూస్తుండగా గిర్నికి వెళ్లింది. తప్పయిందని అనలేదు. "కారం పట్టినంక పొయ్యకు" అని మాత్రం అంది. గిర్ని అక్కకు అప్పటికి సంగతంతా తెలిసింది. గంపవైపు చూసి "పద్నాలుగు దినాలైనంక రా, పట్టిస్త" అంది. అంటూనే గంప అందుకుంది.

ఇక సోముడున్నాడు. చెక్కతో చిప్ప చెక్కించి, సున్నం పూసి పెడదామని నేను సారుకు చెప్పాను. అప్పటికీ నాకు బుద్ధి రాలేదన్నమాట. "లేనిది లేదని రాద్దాం. నువ్వే రాయి" అన్నారు. నిజామాబాదులో సోముడు నాలుగు కాళ్ల మీద నిలబడ్డాడు. కుడి వెనక మోకాలి దగ్గర ఖాళీ, ఆ ఖాళీకి దారంతో వేలాడుతూ నా చేతిరాతతో ఒక చీటీ: "మోకాలిచిప్ప లేదు. కాలువలో పడింది."

క్యాంపు పెద్దాయన ఇస్త్రీ పంచె కట్టుకుని వచ్చాడు. తల దగ్గర మొదలుపెట్టి ఒక్కొక్క ఎముకా చూసుకుంటూ వెనక కాలి దాకా వచ్చి ఆగాడు. చీటీ చదివాడు. మళ్లీ చదివాడు.

"ఎవరు రాశారిది?"

"నేనే," అన్నాను. ఈసారి నీళ్లు అడగలేదు.

"ఏ తూము దగ్గర పడింది?"

చెప్పాను. ఆయన కాసేపు లెక్క కట్టుకున్నట్టు నిలబడ్డాడు. "ఆ తూము నీళ్లు మా చేలోకే కదా," అన్నాడు. "అయితే ఇంటికే వచ్చుంటాడులే." చీటీ తిరగబడి ఉంటే సరిచేసి వెళ్లిపోయాడు.

తిరుగు బస్సులో సారును అడిగాను. ఎముక నీళ్లలో మునుగుతుంది కదా, చేనుదాకా ఎట్లా పోతుందని. "ఆయనకు తెల్వదంటవా?" అన్నారు. నా సందేహానికి సూద్దాం అనకుండా సారు ఇచ్చిన జవాబు నాకు గుర్తున్నంతలో అదొక్కటే.

ఇప్పుడు నేను నిజామాబాదు కంఠేశ్వర్‌లో ఒక క్లినిక్ ల్యాబులో పని చేస్తున్నాను. రక్తం తీసి, సీసాల మీద చీటీలు అతికించడం నా ఉద్యోగం. నాలుగేళ్ల కింద సారు కుడి మోకాలి ఆపరేషన్‌కు ముందు రక్తపరీక్షకు మా దగ్గరికే వచ్చారు. సూది దిగుతుంటే అటు చూడకుండా ఉంటారు అందరూ, ఆయన వంగి చూశారు. తన శరీరం మెడికల్ కాలేజీకి రాసిచ్చానని అప్పుడే చెప్పారు. "రేపు ఎవలన్న నా బొక్కలు లెక్కవెడితే మోకాలు కాడ స్టీలు ఉంటది. పిల్లలు పరేషానైతరు. చీటీ నువ్వే రాయాలె" అన్నారు. ఇద్దరం నవ్వుకున్నాం.

ఆయనను కాలేజీకి అప్పగించిన రోజు నేనూ వెళ్లాను. కాగితాల మీద వాళ్లబ్బాయి సంతకాలు పెడుతుంటే, నా సంచిలోంచి ఒక చీటీ తీసి అటెండర్‌కు ఇచ్చాను. "కుడి మోకాలు అసలుది కాదు" అని ఉంది దాని మీద.

"ఇదంత రికార్డుల ఉంటదమ్మా," అన్నాడతను.

"ఉండనీ అన్నా. పెట్టుకో."

గేటు దాకా నడిచాను. ఇలాంటి చోటునుంచి వచ్చేటప్పుడు వెనక్కి చూడొద్దని అవ్వ ఉంటే అనేది. చూస్తే ఏమవుతుందని సారును అడిగితే ఏమనేవారో కూడా తెలుసు. చూశాను. అటెండర్ ఇంకా గుమ్మంలోనే నిలబడి, ఆ చీటీని కళ్లకు దగ్గరగా పెట్టుకుని చదువుతున్నాడు.