లాగితే ఊడే ముడి

మా వీధి చివర పరుపులవాడు దూది మిషను పెట్టాడు. పొద్దున్నే అది గర్రుమని మొదలైతే మధ్యాహ్నానికి దూది నూగు గాలిలో తేలుతూ మా వసారాలోకి వచ్చేస్తుంది. కళ్ళజోడు మీద, కాఫీ గ్లాసు మీద, చీర మీద అంతా అదే. మా కోడలు వాణ్ణి తిట్టుకుంటూ తలుపులు మూస్తుంది, నేను మళ్ళీ తెరుస్తాను. ఎండ, దుమ్ము, ఎవరిదో పాత చెమట కలిసిన ఆ దూది వాసన ముక్కుకు తగిలిందంటే నాకు కడప గుర్తొస్తుంది, మస్తానమ్మ గుర్తొస్తుంది. ఇక ఆ రోజుకు అన్నం సహించదు. ఇన్నేళ్ళుగా ఎవరికీ చెప్పని సంగతి ఇది. ఎనభైకి దగ్గర పడ్డాక ఇంకా సిగ్గేమిటి, చెప్పేస్తే పోలా అనిపించి రాస్తున్నాను. చెప్పినంత మాత్రాన భారం తగ్గుతుందన్న ఆశయితే లేదు.

మస్తానమ్మ దూదేకులామె. కడపలో ఆమెకు పరుపులు, దిండ్లు కుట్టించే అంగడి ఉండేది. భర్త దస్తగిరి కరువు సంవత్సరాల్లో చనిపోతే, ఇద్దరు పనివాళ్ళను పెట్టుకుని తానే నడిపేది. పొడుగాటి మనిషి, నోట్లో ఎప్పుడూ వక్కాకు. ఊరంతటికీ ఆమె నోరంటే భయం. దిండు కుట్టడం అయిపోతే దాని మీద ధబ్బున కూర్చుని చూసేది, కుంగితే కుట్లు విప్పించేది. "నా బరువు మోయంది ఎవురి బరువు మోస్తాదే?" అని పనివాళ్ళ మీద లేచేది. నేను ఆత్మకూరు నుంచి కాపురానికొచ్చినదాన్ని. మా ఆయన ఓబులేసు బండల డిపోలో గుమాస్తా. ఊరికే ఇంట్లో కూర్చోవడం ఎందుకని ఆమె అంగట్లో దిండ్లకు గలీబులు కుట్టే పనికి చేరాను. అప్పటికి నాకు ముప్పై ఏళ్ళు దగ్గర పడుతున్నాయి.

ఇక్కడ ఒక మాట దాచకుండా చెప్పాలి, లేకపోతే మిగిలిందంతా మీకు అర్థం కాదు. భార్యాభర్తల మధ్య, తలుపులు వేసుకున్నాక, మా ఆయన నా చేతులు కట్టేస్తే నాకు ఇష్టంగా ఉండేది. కొట్టడం లేదు, తిట్టడం లేదు. రోజంతా నీళ్ళనీ వంటనీ పరుగులు పెట్టే ఒళ్ళు, ఎటూ కదలక్కర్లేకుండా ఆయన చేతిలో ఉండిపోతే ఏదో నెమ్మది. పెళ్ళయిన కొన్నేళ్ళకు ధైర్యం చేసి నేనే అడిగాను. ఆయన మొదట అదిరిపడ్డాడు. తర్వాత ఆయనకూ ఇష్టమైంది. ఎలా చెయ్యాలో మాత్రం ఇద్దరిలో ఎవరికీ తెలియదు. బావి దగ్గరి కొబ్బరి తాడు ఉంది కదా, దానితోనే కానిచ్చేవాళ్ళం.

ఒకరోజు అంగట్లో కుడుతుంటే నా గాజులు పైకి జరిగి, తాడు ఒరుసుకున్న మచ్చలు బయటపడ్డాయి. మస్తానమ్మ నా మణికట్టు పట్టుకుని వెలుతురుకు తిప్పింది.

"ఏమ్మే, ఏందిది? ఎవురు చేసినారు? ఆ ఓబులేసు నాబట్టేనా?"

నేను నోరు తెరిచేలోపే దూదిని చితక్కొట్టే కర్ర అందుకుని వీధిలోకి దిగింది. డిపో దాకా పోతే ఊరంతా గుప్పుమంటుందని నేను వెంటపడి ఆమె కొంగు పట్టుకున్నాను. "అక్కా, ఆయప్ప తప్పు ల్యా. నేనే కట్టమని అడిగినా" అన్నాను. అన్నాక ఏడుపొచ్చేసింది. ఇంకేముంది, రేపటి నుంచి ఈ ఊళ్ళో తలెత్తుకోలేననుకున్నాను. ఆమె కర్ర కింద పెట్టింది. నన్ను లోపలికి తీసుకుపోయి, పనివాళ్ళను బయటికి పంపి, ఎదురుగా కూర్చుంది.

"ఏం తాడు?" అంది.

"బాయి తాడక్కా."

"థూ! ఎద్దును కట్టేసే పలుపన్నా మెత్తంగ పేనుతారు గదే! మనిషి చేతికి చేదతాడు కడతారా ఎవురన్నా? మీ ఇద్దురికీ బుద్ధి యాడ పోయింది?"

ఆమె నన్ను అసహ్యించుకోలేదు. ఆ ఒక్కదానికే నేను ఆమెకు జన్మంతా రుణపడిపోయాను. ఆ వారమే మా ఆయనను అంగడికి పిలిపించింది. ఆయన దొంగలా వచ్చి మూలన నిలబడ్డాడు. మస్తానమ్మ నవారు పట్టీ ఒకటి తీసింది. మంచానికి అల్లే వెడల్పాటి నవారే. దానికి లోపలివైపు దూది పెట్టి, పైన పాత పంచె గుడ్డ కుట్టింది. "చెయ్యి చాపప్పా, ముందర నిన్నే కట్టేస్తా. తాను కట్టించుకోనోడు ఇంగొకర్ని కట్టగూడదు" అంది. మా ఆయన మొహం చూడాలి! బండలు మోసే లారీవాళ్ళను అదిలించే మనిషి, బలిచ్చే పొట్టేలులా నిలబడ్డాడు. నాకు నవ్వు ఆగలేదు.

ఆమె చెప్పినవన్నీ ఆమె మాటల్లోనే నాకింకా వినపడతాయి. "పట్టీకీ చెయ్యికీ నడుమ రెండు వేళ్ళు దూరల్ల. గోళ్ళు చూస్తాండల్ల. తెల్లబడినా, నల్లబడినా, చీమలు పాకినట్ల ఉండాదని ఈ పిల్ల అన్నా అప్పుడే ఇప్పేయల్ల, ఇంగ కొంచెం సేపనేది ల్యా. గొంతు కాడికి ఏదీ రాగూడదు. నోట్లో గుడ్డ పెట్టేది ల్యా. కల్లు తాగిన పొద్దు కట్టేది ల్యా." కత్తెర ఒకటి చేతికందేలా పక్కనే ఉంచుకోమంది. ముడి వెయ్యడం కూడా నేర్పింది. ఎంత గింజుకున్నా బిగుసుకోకూడదు, కొస పట్టుకుని ఒక్కసారి లాగితే ఊడిపోవాలి. మా ఆయనకు అది పట్టుబడేదాకా వదిలిపెట్టలేదు. ఆటలో వద్దు వద్దని ఊరికే కూడా అంటారు గనక, ఆపమనడానికి వేరే మాట ఒకటి పెట్టుకోమంది. నేను 'ఉలవలు' అన్నాను. ఎందుకన్నానో తెలీదు, ముగ్గురం పడీపడీ నవ్వాం. నోట మాట రాని సమయముంటుందని గుప్పిట్లో పట్టుకోవడానికి ఒక గజ్జె కూడా ఇచ్చింది. అది జారి చప్పుడైతే విప్పెయ్యాలి.

మా కోసమని కుట్టిన దిండు దగ్గర మాత్రం ఆమె నవ్వలేదు. ఒకపక్క ఎత్తుగా, ఒకపక్క వాలుగా, దూది కూరి కూరి చెక్కలా గట్టిగా తనే కుట్టింది. బోర్లా పడుకుంటే దాని మీద రొమ్ము మాత్రమే ఆనాలి, ముఖం అంచు దాటి బయటికి రావాలి, మోకాళ్ళ కింద మడత బొంత ఉండాలి. "ఇంత గట్టిగనా అక్కా? బూరుగు దూదయితే మెత్తంగ ఉంటాది గదా" అన్నాను.

"మెత్తనిది మొగాన్ని మింగుతాది మే. బోర్ల పండుకున్నోళ్ళకు మెత్తనిది వద్దు. చేతులు ఈపుకు కట్టేది అసలుకే వద్దు." అని మా ఆయన వైపు తిరిగింది. "ఇంగొకటి ఇనప్పా. కట్టినోడు గడప దాటగూడదు. ఇల్లు కాలిపోతాన్నా సరే, ముందు ముడి ఇప్పల్ల."

ఇవన్నీ నీకెట్లా తెలుసక్కా అని అడిగితే, "మా ఆయప్పకూ ఇదే పిచ్చి లే" అని నవ్వి, వక్కాకు ఉమ్మడానికి లేచిపోయింది. అంతకు మించి చెప్పలేదు. మొగుడూ పెళ్ళాలు సుఖంగా బతికారన్నమాట అనుకుని నేను సంతోషించాను.

మరుసటేడు ఎండాకాలం బావులన్నీ అడుగంటాయి. కాలువ ఎండి ఎన్నాళ్ళయిందో. కడప ఆ కాలువకు చిట్టచివర ఉంది. ఎగువవాళ్ళంతా తాగి మిగిలితేనే మాకు. ఒక ఆదివారం మధ్యాహ్నం మేము తలుపులు వేసుకుని ఉన్నాం. నా చేతులు కట్టి ఉన్నాయి. వీధిలో ఎవరో అరిచారు, "కాలువకు నీళ్ళొచ్చినాయ్!" ఆ మాటతో వీధి వీధంతా లేచింది. కడవల చప్పుడు, పరుగులు, కేకలు. మా ఆయన దిగ్గున లేచి బిందె చంకన పెట్టుకుని గడప దాకా పోయాడు. ఒక కాలు అవతల పెట్టాడు కూడా. అక్కడ ఆగి, వెనక్కి వచ్చి, ముడి కొస లాగాడు. "లే, లే, కడవ తీసుకో!" అన్నాడు. చొక్కా తిరగేసి తొడుక్కుని ఆయనా, జుట్టు ముడేసుకుంటూ నేనూ కాలువకు పరిగెత్తాం.

మర్నాడు అంగడికి పోతూనే మస్తానమ్మకు చెప్పాను. నవ్వుతూ చెప్పాను, చెప్పి నవ్వించాలనే చెప్పాను. "గడప దాటబోయి మళ్ళీ వచ్చినాడక్కా. నీ తిట్లు గుర్తొచ్చినట్లుండాయి. కొస పట్టుకోని లాగినాడు, ఊడిపాయె. ఎంతసేపని, తుమ్మినంత సేపు!"

ఆమె నవ్వలేదు. సూది బట్టలోనే ఆగిపోయింది.

"నీళ్ళు దొరికినాయా?"

"దొరికినాయక్కా."

"ఇప్పి పోయినా దొరికినాయా?"

"దొరికినాయి. శానా ఉండాయి."

ఆమె సూది తీసి పక్కన పెట్టింది.  తర్వాత చెప్పింది. ఆ కరువేడు వీధిలో మంచినీళ్ళు లేక జనం అల్లాడుతున్నారు. అదీ ఇలాంటి మధ్యాహ్నమే. దస్తగిరి అడిగితే ఆమె అతని చేతులు వీపు వెనక్కి కట్టి, బోర్లా పడుకోబెట్టింది. కింద పెట్టిన దిండు బూరుగు దూదిది. ఎవరో షావుకారు ఇంటికోసం కుట్టింది, వాళ్ళ అంగట్లో అంత మెత్తనిది ఎప్పుడూ కుట్టలేదట. అప్పుడు వీధిలో నీళ్ళని కేక వినిపించింది.

"పో పో, తెచ్చుకో, నేనేడికి పోతా, ఈడే గదా ఉంటా అని ఆయప్పే నవ్వినాడు మే. నేను కడవలెత్తుకోని పరిగెత్తితి. ఆడ జనం, తొక్కులాట, కొట్లాట. వచ్చి చూస్తే మొగం దిండులోకి దిగబడిండాది. ఇంగా వెచ్చగనే ఉండాడు. ముడి ఇప్పినాకనే ఊరోళ్ళను పిలిచినా. గుండె ఆగిపోయిందన్యారు. నేనూ అవునన్యా."

నేను ఆమె చెయ్యి పట్టుకోబోయాను. వెనక్కి తీసుకుంది.

"ఇన్నాళ్ళూ ఏమనుకుంటాంటినో తెల్సునా? ఆ కరువులో నీళ్ళొచ్చినాయంటే ఎవురైనా పరిగెత్తుతారు, ఇప్పల్లని ఎవురికీ తోచదు, నాకొక్కదానికే కాదు అనుకుంటాంటి. ఆ మాట పట్టుకోనే బతికినా. మీ ఆయనకు తోచింది గదే."

"నువ్వు చెప్పబట్టే గదా తోచింది అక్కా!"

"నాకొకరు చెప్పల్లనా? నా మొగుడు గదా."

  ఆ తర్వాత ఆమె మమ్మల్ని ఒక్క మాట అనలేదు, అని ఉంటే బాగుండేది. కర్ర పట్టుకుని వెంటబడినా బాగుండేది. ఊరంతా భయపడే ఆ నోరు మూగబోయింది. దిండ్ల మీద కూర్చుని చూడటం మానేసింది, పనివాళ్ళు ఎలా కుడితే అలా పంపేది. మా ఆయన ఉండబట్టలేక ఒకరోజు వెళ్ళి, "అక్కా, నేనేమంత తెలివిగలోన్ని కాదు, నీ నోటికి భయపడి వెనక్కి వచ్చినా, అంతే" అన్నాడు. ఆమె తల ఊపింది. "మీ మీద నాకేం కోపం నాయనా? మిమ్మల్ని చూస్తే ముడి ఇప్పేదానికి ఎంతసేపు పట్టిండేదో తెలుస్తాది. అంతే. రావద్దండి" అంది.

మేము పోలేదు. అంగడి అమ్మేసిందని విన్నాం. తిండి మానేసి మంచం పట్టిందని విన్నాం. నేను ఒకసారి వాకిలి దాకా పోయి, లోపల ఆమె దగ్గు విని, తిరిగొచ్చేశాను. వర్షాలు పడకముందే పోయింది. ఏం చేసుంటే బతికేదో నాకు తెలియదు. మమ్మల్ని బతికించడానికి తన దగ్గరున్నదంతా ఇచ్చింది, మేము నిజంగానే బతికాం, దాంతో ఆమెకు బతకడానికి సాకు లేకుండా పోయింది. ఇందులో ఎవరిది తప్పు? ఎవరిదీ కాదు. ఎవరిదైనా అయ్యుంటే తిట్టుకునైనా ఏడ్చేదాన్ని.

మేము ఆ ఇష్టాన్ని మానుకోలేదు. ఆమె కుట్టిన పట్టీలు చిరిగిపోతే అలాంటివే నేను కుట్టుకున్నాను. మా ఆయన ముసలివాడై వేళ్ళు వణికేదాకా ఆమె చెప్పిన ఒక్క మాటా తప్పలేదు.  కానీ విప్పే వేళకు మాత్రం ఆయన కొస పట్టుకుని కాసేపు ఆగేవాడు. నేను కళ్ళు మూసుకునేదాన్ని. లాగేవాడు, ఊడిపోయేది. అది అంత సులువుగా ఊడిపోవడమే నేను ఈనాటికీ ఓర్చుకోలేను.