నిమ్మకాయంత భూమితో సర్జాపుర దాకా

మా అక్క బడిలో సైన్సు టీచరు. నేను మగ్గం నేసేవాణ్ణి. కబ్బన్‌పేటలో మా మగ్గాల కొట్టం పొడవు ఇరవై ఒక్క అడుగులు. అదే సూర్యుడనుకుంటే భూమి పెద్ద నిమ్మకాయంత ఉంటుందనీ, కార్పొరేషన్ సర్కిల్ దగ్గర తిరుగుతుందనీ, ప్లూటో ఊరవతల పాతిక కిలోమీటర్ల పైనున్న సర్జాపురలో ఉంటుందనీ అక్క లెక్క కట్టింది. అప్పట్లో ప్లూటో కూడా గ్రహమే. "ఒక ఆదివారం పొయ్యి చూసొద్దాం రారా" అని నాలుగేళ్లు అడిగింది. వచ్చే వారం చూద్దాంలే అని నాలుగేళ్లూ దాటేశాను. పెళ్లీ పెటాకులూ లేని ఇద్దరం ఒకే ఇంట్లో ఉన్నాం, తొందరేముందనుకున్నాను. 1984లో అక్క జ్వరంతో పోయింది. ఆ వేసవిలో ఒక ఆదివారం ఆమె నోటుబుక్కు పట్టుకుని నేనొక్కణ్ణే బయలుదేరాను.

ఏడింటికి వీధి చివర నిమ్మకాయ కొని సర్కిల్ దాకా నడిచాను. పది నిమిషాలు పట్టింది. అక్కడి నుంచి మార్కెట్‌కు వెళ్లి ఎనిమిది గంటల సర్జాపుర బస్సెక్కాను. టికెట్టు రెండు రూపాయలు. కండక్టర్ నా చెయ్యి చూసి ఆగాడు.

"ఏమప్పా, నిమ్మకాయ పట్టుకొని ఉండావు? యాడికి, మంత్రగాని దగ్గరికా?"

"కాదన్నా, ప్లూటోకి."

"ఆ ఊరికి ఈ బస్సు పోదు. సర్జాపురలో దిగి అడుగప్పా."

నా పక్కనున్నాయన మెల్లగా లేచి వెనక సీటుకు పోయాడు. తర్వాత ఎక్కినవాళ్లూ నిమ్మకాయను చూసి దూరంగా నిలబడ్డారు. విల్సన్ గార్డెన్‌లో గురుడు, కోరమంగళలో శని త్వరగానే వచ్చాయి. ఆ పైన బెళ్ళందూరు చెరువు దగ్గర యురేనస్, దొమ్మసంద్రలో నెప్ట్యూన్. మధ్యలో అంతా రాగి చేలు, నీలగిరి చెట్లు. విశ్వంలో ఎక్కువగా ఉన్నది ఖాళీయేనని అక్క చెబుతుండేది. అదెంత ఖాళీయో ఆ సీట్లో నాకు తెలిసింది.

తొమ్మిదిన్నరకు సర్జాపురలో దిగి, టీ అంగడి అరుగు మీద ఒక శనగగింజ పెట్టాను. అదే ప్లూటో. నోటుబుక్కు చివరి పేజీ తిప్పాను. తర్వాతి నక్షత్రం, మన లెక్కకే, నిజం చందమామకు దాదాపు సగం దారంత దూరమట. దాని పక్కన అక్క "బస్సు లేదు" అని రాసి పెట్టింది. నవ్వొచ్చింది. ఆ వెంటనే ఏడుపొచ్చింది, ఎంతకీ ఆగలేదు.

అంగడి అవ్వ బయటికొచ్చింది. "ఒక్కడే కూర్చొని ఏడుస్తా ఉండావు, ఏమైందప్పా?"

అంతా చెప్పాను. అవ్వ నిమ్మకాయ అందుకుంది. "ఇదా భూమి? వాడిపోతా ఉండాది కదప్పా." నేను అయ్యో అనేలోపే కోసి, రెండు గ్లాసుల్లో పిండి, ఉప్పేసింది. "నీకొకటి, నాకొకటి. మీ అక్క కథ ఇంకా చెప్పు." అని పక్కనే కూర్చుంది. ఆ రోజు నా పక్కన కూర్చున్న మనిషి ఆమె ఒక్కతే.

ఇప్పుడు యురేనస్ దగ్గర చేలు లేవు, అన్నీ అపార్ట్‌మెంట్లే. బస్సులకు కొదవ లేదు. అక్క లెక్క మాత్రం అంగుళం మారలేదు. నేనా దారిలో ఎన్నిసార్లు తిరిగినా, కిటికీ పక్క సీటు అక్కకని వదిలేసే కూర్చుంటాను. వెళ్లాలనుకునేవారికి ఒక్క సలహా: నిమ్మకాయ సంచిలో పెట్టుకోండి, లేకపోతే పక్కన ఎవరూ కూర్చోరు. ఇంట్లో ఎవరైనా రమ్మని అడిగి ఉంటే, ఈ ఆదివారమే తీసుకెళ్లండి.