ఉప్పుమట్టి పోసిన గ్రౌండు

నాకు కోపం వస్తే అరవను. నవ్వి "అలాగేనండి" అంటాను. ముప్ఫై ఏళ్లు హైస్కూల్లో పీఈటీగా పనిచేశాను, అరవాల్సిన అరుపులన్నీ విజిలే అరిచింది. మా గ్రౌండుని ఒకాయన పాడుచేస్తున్నప్పుడు కూడా నేను గొంతు పెంచలేదు. అందుకు కారణం మంచితనం మాత్రం కాదు.

మొగల్తూరు దాటి సముద్రం వైపు వెళ్లే దారిలో ఉంది మా స్కూలు. నేను చేరిన కొత్తలో దాని వెనక గ్రౌండు లేదు, పల్లపు నేల ఉండేది. ఆషాఢంలో నిలిచిన నీళ్లు కార్తీకం దాకా కదిలేవి కావు. ఆడపిల్లలు ఖోఖో ఆడాలంటే ఎవరి కళ్లంలోనో ఆడుకోవాలి, అదీ రైతు కసరకపోతే. ఏటా వేసవిలో కాలువలకి నీళ్లు కట్టేశాక పూడిక తీసి, ఒండ్రుని గట్టు మీద పోస్తారు కదా. దాన్ని తెచ్చుకుంటామని ఆఫీసుల చుట్టూ తిరిగి ఒప్పించాను. రైతుల కాళ్లావేళ్లా పడి వాళ్ల ట్రాక్టర్లతో తోలించాను. అంతా ఒకేసారి పోస్తే కుంగిపోతుంది. వేసవికొక పొర పరిచి, దాని మీద వానాకాలం గడవనిచ్చి, మళ్లీ వేసవికి ఇంకో పొర. అలా ఏడు వేసవులు పట్టింది. పిల్లలు గంపలు మోశారు, నేనూ మోశాను.

మొదటి వేసవిలో ఒక తప్పు చేశాను. ఒండ్రు చాల్లేదు. ఎవరో రొయ్యల చెరువు అడుగు మట్టి ఊరికే ఇస్తామంటే మూడు ట్రక్కులు తెచ్చి ఒక మూల పోయించాను. చూడ్డానికి అచ్చం ఒండ్రులాగే నల్లగా ఉంది. ఎండలు ముదిరేసరికి ఆ మూలంతా తెల్లగా ఉప్పు తేలింది. వాన పడితే జిగురై కాలు నిలిచేది కాదు. గడ్డిపరక మొలవలేదు. చివరికి పారలతో గీకి, ఆ మట్టంతా బయట పారబోశాం. ఆ సంగతి నాకు తప్ప ఊళ్లో ఎవరికీ గుర్తులేదు.

గ్రౌండు కుదురుకున్నాక మా అమ్మాయిలు జిల్లా జట్టుకి వెళ్లడం మామూలైపోయింది. పేరు వచ్చాక పెద్దమనుషులూ వచ్చారు. నేను రిటైరైన ఏడాదే గ్రౌండు కమిటీ ఒకటి పుట్టింది. దాని ప్రెసిడెంటు రొయ్యల చెరువులున్న ఆసామి. గ్యాలరీ మెట్లు కట్టించి, గేటు పెట్టించి, ప్రారంభోత్సవం చేశారు. వేదిక మీద అందరికీ కుర్చీలున్నాయి. నేను మెట్టు ఎక్కబోతుంటే ఆయన మైకులోనే, "మేడం గారూ, మీరు కిందే ఉండి ఆ బొకేలు అందిస్తా ఉండండి" అన్నారు. అందించాను. ఆ రోజు ఆయన ఉపన్యాసంలో నా ఏడు వేసవులూ "మన కమిటీ కృషి" అయిపోయాయి. ఇంటికొచ్చి అన్నం ముట్టలేదు. ఈయన ఈ ఊరి ముందు తల దించుకోవాలి, అది నా కళ్లతో నేను చూడాలి అనుకున్నాను. అలా అనుకున్నందుకు ఇప్పటికీ సిగ్గుపడను.

నిరుడు వేసవిలో గ్రౌండు ఇంకో అడుగు ఎత్తు చేయాలని కమిటీ తీర్మానించింది. వేసవికొక పొర అని ఆగే ఓపిక వాళ్లకెక్కడిది? ప్రెసిడెంటు గారు అప్పుడే చెరువుల అడుగు తీయిస్తున్నారు. ఆ మట్టి ఎక్కడ పారెయ్యాలా అని చూస్తున్నారు. గ్రౌండుకి విరాళమని ప్రకటించేశారు. బారులు తీరిన ట్రాక్టర్లని డ్రోన్‌తో తీయించి వాట్సాప్ గ్రూపులో పెట్టారు. అది చూసి వెళ్లాను. గుప్పెడు మట్టి తీసి నలిపితే వాసనకే తెలిసిపోయింది.

"ఎలా ఉందండి మేడం గారూ? కాలువ ఒండ్రుకేం తీసిపోదు కదండీ?" అన్నారాయన.

"మీకు తెలియందేముందండీ" అన్నాను.

"ఉప్పు గిప్పు ఉన్నా నాలుగు వానలు పడితే కడుక్కుపోద్దండి."

"అలాగేనండి."

ఆ పూట రెండు ముద్దలు ఎక్కువే తిన్నాను.

వానలకి గ్రౌండంతా జారుడుబండ అయింది. ఎండలకి ముగ్గు చల్లినట్టు తెల్లబడింది. డైవ్ కొట్టిన పిల్లల మోకాళ్లు చీరుకుపోయి, ఆ పుళ్లలోకి ఉప్పు దిగేది. మా ఊళ్లో జరగాల్సిన జిల్లా సెలెక్షన్లు జిల్లా ఆ చివరకి మార్చేశారు. మా ఖోఖో జట్టు కెప్టెన్‌కి వయసు ప్రకారం అదే ఆఖరి అవకాశం. ఆరో తరగతిలో నేనే చేర్చుకున్న పిల్ల. తండ్రి సముద్రం మీద చేపల వేటకి వెళ్లి ఉన్నాడు, అంత దూరం ఒంటరిగా పంపడానికి తల్లి ఒప్పుకోలేదు. ఆ కబురు విన్నప్పుడు మనసు చివుక్కుమంది. ముందు ఆయన తల దించుకోనీ, పిల్లల సంగతి తర్వాత చూద్దాం అనుకున్నాను.

మొన్న గ్రౌండులోనే మీటింగు పెట్టారు. తల్లిదండ్రులు, పిల్లలు అందరూ వచ్చారు. ఇలాంటి మట్టి ఎందుకు పోశావని ప్రెసిడెంటుని నిలదీశారు. నేను ముందు వరసలో, ఆయన మొహం బాగా కనిపించేచోట కూర్చున్నాను. ఆయన తల దించలేదు. తాపీగా నా వైపు చెయ్యి చూపించారు.

"మేడం గార్ని అడిగే పోయించానండి. ఈ గ్రౌండు గురించి ఆవిడకంటే తెలిసినోళ్లు ఎవరున్నారు? ఆవిడకే తెలీలేదు, ఇంక నాకేం తెలుస్తాదండీ?"

ఒళ్లు మండిపోయింది. ఈ నేల గురించి నాకు తెలియదా? గబుక్కున లేచాను.

"నాకు తెలుసండి. చేత్తో నలిపినప్పుడే తెలుసు. ఇది ఇలా తగలడుతుందని తెలిసే ఊరుకున్నాను."

వెనక వరసలోంచి కెప్టెన్ లేచింది.

"తెలిసి కూడా చెప్పలేదా మేడం?"

ఆ గొంతులో కోపం లేదు. కొత్త ఆట నేర్పేటప్పుడు రూలు అర్థం కాకపోతే ఎలా అడిగేదో అలాగే అడిగింది. ప్రెసిడెంటు గారు నాకు రెండడుగుల దూరంలోనే ఉన్నారు. ఆయన తల దించుకున్నారో లేదో నేను చూడలేదు. ఆ పిల్ల నా జవాబు కోసం నిలబడే ఉంది.