జెండా తీస్తే తెరుచుకున్న పేజీ

మా పటాన్‌చెరు బస్తీలో రసాయనాల వాసన మీద ఆదివారం సభ పెడుతున్నాం. ఆ సభకు రమ్మనే పిలుపును నా దోస్తు నస్రీన్ వెబ్‌పేజీగా చేసింది. ఈ రోజు పొద్దున పక్కింటి ఖాజా చాచా పాత ఫోనులో చూస్తే తెల్లటి తెర తప్ప ఏమీ లేదు. నాకు ఒళ్లు మండి నస్రీన్‌ను నిలదీశాను.

"గిది ఆఫీసర్ల కోసం చేసినవా, బస్తీ కోసమా?"

"లొల్లి ఆపు భాయ్! రెపరెపలాడే జెండా, లేచే పిడికిలి కావాలని సతాయించింది నువ్వే గద. బొమ్మల్ని ఆడించే గంత జావాస్క్రిప్ట్ కోడ్‌ను చాచా ఫోన్ మోస్తదా?"

అవన్నీ తీసేసి వెబ్‌పేజీలు రాసే సాదా భాష, ఉత్త హెచ్‌టీఎంఎల్ మాత్రం మిగిల్చింది. చాచా వేలు తగలగానే పేజీ తెరుచుకుంది. ఆయన మొత్తం పైకి చదివి, "నేనూ వస్త బేటా" అన్నాడు.

ఎవరి సొత్తూ కాని, ఎవరైనా రాసుకోగల ఆ భాష ముందు నోరు తెరుచుకుని నిలబడ్డాను. కామ్రేడ్స్, మీరైతే జెండా తీసేవారా?