ఇసుక ఆరేదాకా

చింతామణిలో మోటారు సైకిళ్లు బాగుచేసే మేస్త్రీ పోయాడని మొన్న సోమవారం బస్సు కండక్టరు చెప్పాడు. మూడు రోజుల జ్వరమట. దగ్గర్లోనే, చిక్కబళ్లాపురంలో డాక్టరుగా ఉండి కూడా నాకు కబురు అందలేదు.

ఆయన కమ్మరి ఇంట పుట్టినవాడు. భయాన్ని దాచుకోని మనిషి. బోల్టు బిగించి నాలుగడుగులు వెళ్లి, మళ్లీ వచ్చి చూసేవాడు. నేను నవ్వితే, "భయముండేవాడే సరిగ్గా బిగిస్తాడు డాక్టరప్పా" అనేవాడు.

యుద్ధం రోజుల్లో, నేను చింతామణిలో ఉండగా, నా మోటారు సైకిలు ఇంజను పట్టేసి, ఇక తిరగనంది. కొత్తది దొరికే కాలం కాదు. తుక్కు బండి నుంచి వేరే రకం ఇంజను తెచ్చి అమర్చాడు. పొగ గొట్టం మాత్రం దానికి కుదరలేదు. ఇంజనుకూ గొట్టానికీ మధ్య వేలెడు సందు మిగిలింది. సరిగ్గా దాని పైనే పెట్రోలు ట్యాంకు.

ఆ పొద్దున బాగేపల్లి దగ్గరి పరగోడు నుంచి మనిషి వచ్చాడు. ఊళ్లో కలరా. ఆ రోజు బస్సు లేదు.

"తీగతో కట్టెయ్ మేస్త్రీ, పోతాను" అన్నాను.

"కట్టను. ఆ సందులోంచి మంట వస్తాది. మా తమ్ముడు అట్లే కాలిపోయినాడు, నేను చూస్తాండంగానే."

"ఆడ జనం చస్తాండారు."

"తెలుసప్పా. నువ్వు ఆడికి చేరాలనే కట్టనంటాండా."

కొత్త గొట్టం వంచాలి. వంచేటప్పుడు నొక్కుకుపోకుండా లోపల ఇసుక నింపి, రెండు మూతులూ బిగించి, కొలిమిలో కాల్చాలి. ఇసుకలో తేమ ఉంటే ఆవిరి పుట్టి గొట్టం పేలుతుంది. అది వానాకాలం. ఆయన ఇసుకను బాణలిలో వేయిస్తూ కూర్చున్నాడు. "ఆరిందిలే" అని భార్య రెండుసార్లు చెప్పినా దించలేదు. నేను గడియారం చూస్తూ ఆయన్ను లోలోపల తిట్టుకున్నాను. గొట్టం ఎర్రబడినప్పుడు మాత్రం గోడ చాటుకు వెళ్లాను. ఆయన వెళ్లడానికి లేదు, పట్టకారు ఆయన చేతిలో ఉంది.

పేలలేదు. గొట్టం బిగించి, ఇంజను నడిపించి, అతుకు చుట్టూ అరచెయ్యి తిప్పి చూశాడు. తగిలి చర్మం కాలింది. "యాడా గాలి రాలేదు" అన్నాడు. చేతికి గుడ్డ చుట్టుకుని నా వెనక ఎక్కాడు. "దోవలో వదులైతే ఎవురు చూస్తారు?"

ఇంజను దగ్గినప్పుడల్లా ఆయన పిడికిలి నా చొక్కాను పట్టుకునేది. మూడుచోట్ల ఆపించి అతుకు చూశాడు.

మేము చేరేసరికి పొద్దు వాలింది. మొదటి ఇంట్లో ఒకామె మధ్యాహ్నమే పోయింది. ఊళ్లో జబ్బుపడ్డ మిగిలిన నలుగురికి ఉప్పునీళ్లు ఎక్కించాను. నలుగురూ బతికారు.

"పొద్దున్నే వచ్చింటే ఆయమ్మ బతికుండునా?" అని అడిగాడు.

"తెలీదు మేస్త్రీ" అన్నాను. అది నిజం. తీగతో కట్టుకుని బయల్దేరితే దారిలో మేమేమయ్యేవాళ్లమో అదీ తెలియదు. తర్వాత కలిసిన ప్రతిసారీ ఆయన అదే అడిగాడు, నేను అదే చెప్పాను. ఒక్కసారైనా "లేదు, బతికేది కాదు" అని ఉంటే ఏం పోయేదని ఇప్పుడు అనిపిస్తోంది.

ఆ సాయంత్రం కాచడానికి నీళ్లు కావలసి వచ్చాయి. కలరా ఊళ్లో బావి దగ్గరికి వెళ్లడానికి అందరూ జంకారు. ఆయనా జంకాడు. అయినా వెళ్లాడు. కాలిన చేతికి చుట్టిన గుడ్డ తడిసి జారుతుంటే పళ్లతో బిగించుకుంటూ, కడవ తర్వాత కడవ తోడుతూనే ఉన్నాడు.