పోపు పెట్టిన చీజ్ సాస్

కొత్తగా ఉద్యోగంలో చేరిన ఆ రోజుల్లో నాకు జీతం తక్కువ, నోరు ఎక్కువ. చేతగాని పనిని ముందు ఒప్పేసుకుని, తరువాత ఇంటికొచ్చి అదెలా చేస్తారో ఫోనులో వెతుక్కోవడం నా పద్ధతి. (ఇప్పుడు మారానని మా ఇంట్లో ఎవరూ సాక్ష్యం చెప్పరు.) కంచన్‌బాగ్‌లో ఒక ఆఫీసులో డేటా ఎంట్రీ పని. మా సెక్షన్‌లో పెద్దావిడను చాటుగా డబ్బా మేడమ్ అనేవాళ్లం. మధ్యాహ్నం అందరి టిఫిన్ డబ్బాల్లోకీ తొంగిచూసి తీర్పు చెప్పాకే ఆవిడ తన డబ్బా మూత తీసేది. నెలకోసారి తలా ఒక వంట తెచ్చి కలిసి తినేవాళ్లం. నేను చేరాక వచ్చిన మొదటి విందుకు ఆవిడ, "నువ్వేం తెస్తవో నాకెరుకే. సంతోష్‌నగర్ పిల్లవు, బగారన్నం తెస్తవు. మీ దిక్కు గదే కద," అంది. మేముండేది పాతబస్తీ వైపు, ఆవిడ నయాపూల్ వంతెన అవతలి కొత్త పట్నం నుంచి వస్తుంది లెండి. మసాలా దినుసులు వేసి వండే ఆ బగారన్నమంటే నాకు ప్రాణమే, కానీ ఆ 'మీ దిక్కు' అన్న మాట పంటికింద రాయిలా తగిలింది. "కాదు మేడమ్, బేక్డ్ వెజిటబుల్స్ తెస్త. చీజ్ సాస్ గూడ కొనను, ఇంట్లనే చేస్త," అన్నాను. సెక్షన్ మొత్తం నావైపు తిరిగింది. ఇక మాట తప్పితే ఆ ఆఫీసులో ఉన్నన్నాళ్లూ నేను బగారన్నం పిల్లనే.

మా ఇంట్లో అప్పటికి చీజ్ కాలుపెట్టలేదు, ఓవెన్ సంగతి సరేసరి. విందు రోజు తెల్లవారుతూనే లేచి వెన్నలో మైదా వేయించి, పాలు పోసి కలిపాను. ఉండలు కట్టింది. టీ జాలిలో పోసి, చెంచాతో నొక్కి నొక్కి వడకట్టాను. తురిమిన చీజ్ వేశాక అది నున్నగా, చెంచాకు అంటుకునేంత చిక్కగా వచ్చింది. నా చేతికి నేనే దండం పెట్టుకోవాలనిపించింది. అమ్మ వచ్చి గిన్నెలోకి చూసి, "ఏందే గిది, గింత తెల్లగ? జ్వరమొచ్చినోళ్ల పథ్యం లెక్కున్నది," అంది. "గట్లనే ఉండాలె. నువ్వు ముట్టకమ్మా," అని చెప్పి స్నానానికి వెళ్లాను.

నెత్తిన నీళ్లు పోసుకుంటుండగా వంటింట్లోంచి చుయ్యిమని చప్పుడు వినిపించింది. తడి జుట్టుతోనే పరుగెత్తుకొచ్చేసరికి నా తెల్లటి సాస్ పసుపుపచ్చగా మారి ఉంది. పైన ఆవాలు, జీలకర్ర, ఎండుమిర్చి, వెల్లుల్లి, కరివేపాకు హాయిగా తేలుతున్నాయి. "పది మంది తినేదాంట్ల పోపు లేకపోతె ఎట్లనే? ఇంటి పరువు పోదా?" అంది అమ్మ, ఎంతో మేలు చేసినట్టు. "పరువు నువ్వే తీసినవ్. ఎన్నడన్న చీజ్ తిన్న మొహమేనా నీది?" అనేశాను. అమ్మ గరిటె కడిగి పక్కన పెట్టింది.

మళ్లీ చేద్దామంటే పాలూ లేవు, టైమూ లేదు. ఉడికించిన కూరగాయల మీద ఆ పసుపుపచ్చ సాసే పోసి, మిగిలిన చీజ్ తురుముతో ఆవాలన్నీ కనపడకుండా కప్పి, ట్రే పట్టుకుని గల్లీ చివరి బేకరీకి నడిచాను. మొహర్రం రోజుల్లో ఇళ్ల నుంచి తెచ్చిన సామానుతో రోట్ అనే తీపి రొట్టెలు చేసి కాల్చిచ్చే బేకరీ అది. మా ట్రేకూ భట్టీలో చోటు దొరక్కపోదని నా ధైర్యం. బేకరీ భాయ్ ట్రే అటూ ఇటూ తిప్పి చూసి, "గిది కేకా, సాలనా బేటా?" అన్నాడు. అది కేకో కూరో నాకే తెలియదు. బిస్కెట్ల ట్రేల వెనకాల పెట్టి, పైన బంగారు రంగు తిరిగాక తీశాడు. "మస్తు ఖుష్బూ. ఫికర్ చెయ్యకు, తీస్కపో," అన్నాడు. కానీ నా ఫికర్ భట్టీ గురించి కాదు, డబ్బా మేడమ్ గురించి.

ఆవిడ ఒక చెంచా తీసుకుని నోట్లో పెట్టుకుంది. నమలడం ఆపింది. "ఇండ్ల పోపు పెట్టినవా?" అంది. అందరూ చెంచాలు దించి నన్నే చూస్తున్నారు. వద్దన్నా వినకుండా మా అమ్మ చేసిన పని మేడమ్ అని చెప్పడానికి మాట నాలుక చివరిదాకా వచ్చింది. ఈలోగా ఆవిడ పెద్ద ముక్క మళ్లీ వడ్డించుకుంది. "హోటల్ల తింటె ఉత్త పిండిముద్ద లెక్కుంటది. దీనికి రుచే పోపుతోని వచ్చింది. ఎవలదీ అయిడియా?" నేను అమ్మను మింగేసి, "నాదే మేడమ్," అన్నాను. ట్రే అడుగు గీకి మరీ తిన్నారు. డబ్బా మేడమ్ ఎలా చేయాలో అడిగి ఆఫీసు కాగితం మీదే రాసుకుంది. సాయంత్రం బస్సులో నేను కూర్చున్న తీరు చూస్తే కండక్టరు కూడా టికెట్ అడగడానికి వెనకాడేవాడు. ఇంటికి రాగానే అమ్మ, "తిన్నరా?" అనడిగింది. "ఆఁ, తిన్నరు," అని ట్రే సింకులో పడేసి గదిలోకి వెళ్లిపోయాను. అంతకు మించి ఒక్క ముక్క చెప్పలేదు.

ఆ సాస్ ఇప్పుడు మా చుట్టాల్లో నా పేరు మీదే నడుస్తోంది. ఆ పేరంటే నాకు గర్వమే, దాచుకోను. మొన్న ఎవరో మెచ్చుకుంటుంటే పక్కనే కూర్చున్న అమ్మను చూసి తట్టుకోలేక, ఆ రోజు ఆఫీసులో పోపు నాదేనని చెప్పుకున్న సంగతి ఒప్పేసుకున్నాను. అమ్మ నవ్వి, "నాకప్పుడే ఎరుక. ట్రే గట్ల నున్నగ ఊడ్సుకొచ్చి, పోపు మాటే ఎత్తకపోతె తెల్వదా? కాని నీ మొకంల గంత సంబురం ఎన్నడు సూడలె బిడ్డా, గందుకే అడగలె," అంది. ట్రే సింకులో పడేసి, ఏమీ చెప్పకుండా ఠీవిగా గదిలోకి వెళ్లిపోయిన ఆనాటి ఆ పిల్లను తలచుకుని నేనూ నవ్వాను. అమ్మ తన వెనకాలే నిలబడి ఆ సంబరం చూస్తోందని ఆ పిల్లకు తెలియదు, పాపం.