ఎమట్ ఒడిలో రొట్టె

ఇంగ్లండుకు రాజెవరో తేల్చింది మా హాథర్‌బీ ఊళ్ళో రొట్టెలు కాల్చుకునే ఎమట్. సరే, ఇంగ్లండు మొత్తానికి కాదు. మా చర్చి నాలుగు గోడల మధ్య, ఒక ఆదివారం, కాసేపు. కానీ ఆ కాసేపూ రాజుగారి మాట చెల్లలేదు. అది మాత్రం నేను కళ్ళారా చూశాను.

ఎమట్ మొగుడు హామో విలుకాడు. అప్పట్లో హెన్రీ రాజు, ఆయన దాయాది ఎడ్వర్డ్ సింహాసనం నాదంటే నాదని కొట్టుకుంటున్నారు. మా దొరది హెన్రీ పక్షం కాబట్టి హామోనూ లాక్కెళ్ళి ఆ పక్షాన నిలబెట్టాడు. మట్టల ఆదివారం నాడు, మంచు కురుస్తుండగా, టౌటన్ దగ్గర యుద్ధంలో హామో చచ్చిపోయాడు. ఎడ్వర్డ్ గెలిచి రాజయ్యాడు. దొర మాత్రం వారం తిరక్కుండా ఎడ్వర్డ్ ముందు మోకరిల్లి తన భూములు దక్కించుకున్నాడు.

మా చర్చిలో చనిపోయినవాళ్ళ పేర్లు రాసిన తోలు చుట్ట ఒకటి ఉంది. ఏడాదికోసారి అది మొత్తం చదువుతారు. పేరు వినబడ్డ ఆత్మకు ఊరంతా ప్రార్థిస్తుంది. వినబడకపోతే ఉత్తరించు స్థలంలో, ఆ మంటల్లో, ఆ ఆత్మకు ఊరట లేదు. ఆ ఏడు గిల్బర్ట్ స్వామి చదువుతూ చదువుతూ హామో పేరు దాటేశారు.

ఎమట్ లేచింది. "స్వామీ, మా ఆయనేడి?"

"కూర్చో తల్లీ. రాజద్రోహుల పేర్లు గీకెయ్యమని రాజుగారి పేర దొరగారి ఆజ్ఞ."

"ఎవరికి ద్రోహం చేశాడు? అప్పుడున్న రాజు హెన్రీయేగా!"

"ఆయనకి హక్కే లేదమ్మా. ఆయనది పాత ఎడ్వర్డ్ రాజు నాలుగో కొడుకు వంశం. ఇప్పటి రాజుగారు మూడో కొడుకు కూతురి కొడుకు కూతురి కొడుక్కి కొడుకు."

"ఇంకోసారి చెప్పండి స్వామీ, రెండో కూతురి దగ్గర తప్పిపోయాను!" అన్నాడు కమ్మరి థర్‌స్టన్. చర్చంతా నవ్వింది. ఎమట్ నవ్వలేదు.

ఆ వారం పవిత్ర రొట్టె వంతు ఆమె ఇంటిది. వంతు ఇంటివాళ్ళు తెచ్చిన రొట్టెను పూజ చివర స్వామి దీవించి, ముక్కలు చేసి అందరికీ పంచుతారు. బండి చక్రమంత రొట్టె. పోనీ, పెద్ద పళ్ళెమంత. ఎమట్ దాన్ని ఒడిలో పెట్టుకుని గుమ్మానికడ్డంగా కూర్చుంది. పొద్దుటి నుంచి ఎవరి కడుపులోనూ ఏమీ లేదు.

"రొట్టె ఇటివ్వు ఎమట్," అన్నారు స్వామి.

"పేరు చదవండి."

"అది దేవుడి రొట్టె!"

"దేవుణ్ణే వచ్చి అడగమనండి. మూడోవాడూ నాలుగోవాడూ ఒక తల్లి బిడ్డలేగా! వాళ్ళ మునిమనవళ్ళు కుర్చీ కోసం కొట్టుకుంటే మా ఆయన పీక తెగింది. పీక చాల్లేదని పేరూ కోస్తారా? మీ దొర ఇద్దరికీ కాళ్ళు పట్టాడు, ఆయన పేరెందుకు గీకలేదు?"

ఈసారి ఎవరూ నవ్వలేదు. థర్‌స్టన్ లేచి వెళ్ళి ఆమె పక్కన చతికిలబడ్డాడు. "వచ్చే వారం వంతు మా ఇంటిది స్వామీ. మా రొట్టె కూడా రాదు." వెనక బల్లల్లోంచి ఇంకో ఇద్దరు ఆడవాళ్ళు లేచారు.

స్వామి గొంతు తగ్గించారు. "గీకేశానమ్మా. తోలు మీద అక్షరమే లేదు."

"మీ నోరు గీకలేదుగా!"

ఆయన తలుపు వైపు, అటుపైన దొరగారి ఖాళీ బల్ల వైపు చూశారు. ఆ తరవాత నెమ్మదిగా, కానీ అందరికీ వినబడేలా అన్నారు: "హామో థర్కెల్, విలుకాడు. అతని ఆత్మ కోసం ప్రార్థిద్దాం." అందరం మోకరిల్లాం. ఎమట్ రొట్టె ఇచ్చింది.

ఆ పేరు ఇప్పటికీ ఏటా చదువుతున్నారు. ఈ గొడవ దొరల చెవిన పడితే మళ్ళీ ఆపించేస్తారేమోనని ఆమెకు బెంగ. మఠం బడిలో నేర్చుకున్న అక్షరాలతో ఇదంతా రాసి నిన్న ఆమెకు చదివి వినిపించాను. డెబ్భై దాటిన మనిషి, కళ్ళెర్రజేసింది.

"అంతా అబద్ధం ఆస్బర్టూ. స్వామి ఏ పేరూ దాటెయ్యలేదు. నేను ఏ రొట్టే పట్టుకు కూర్చోలేదు. ఆ ఆదివారం నాకు జ్వరం, అసలు చర్చికే పోలేదు."